చారల బండ దేవర

ఇప్పచెట్ల అడవి నడుమ ఒక మడుగు ఉండేది. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల నీళ్ళున్న చోటు అదొక్కటే. పొద్దు వాలేసరికి జంతువులన్నీ అక్కడికి చేరేవి. మూతి నీళ్ళలో పెట్టే ముందు ఎవరి దేవుడికి వాళ్ళు ఒక దండం పెట్టుకోవడం తాతల నాటి ఆచారం. నెమళ్ళు సూర్యుడు పుట్టే తూర్పుకి తిరిగేవి. అడవిదున్నలు వానమబ్బు దిగే పడమటి కొండకి, దుప్పులు దక్షిణాన నిలువెత్తు పెరిగిన బోదగడ్డికి మొక్కేవి. కుందేళ్ళది మరీ చిత్రం. వాటికి ఫలానా దిక్కంటూ లేదు. చెవులు నిక్కించి, కళ్ళు విప్పార్చి, ఉన్నచోటే గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, "ఎక్కడున్నావో తండ్రీ, అక్కడికే దండం" అనుకునేవి. వీటిలో అసలు దిక్కు ఏదో ఎవరూ తేల్చలేదు. తేల్చాలని తోచనూ లేదు. దాహం తీర్చుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు.

ఆ అడవికి రాజు పెద్దపులి. వయసు మీద పడి పరుగు తగ్గింది గానీ ఆకలి తగ్గలేదు. మంత్రి నక్క, పేరు మెత్తన్న. పేరుకి తగ్గట్టే మాట వెన్నపూస.

ఒక సాయంత్రం మెత్తన్న మడుగు గట్టెక్కి గొంతు సవరించుకున్నాడు.

"ఈ రోజు నుంచి మన అడవికి ఒకటే మతం, రాజమతం. ఉత్తరాన ఆ చారల బండ చూడండి. దాని ఒంటి మీద చారలు, రాజుగారి ఒంటి మీద చారలు ఒకటే. అంటే దేవరా రాజూ ఒకే వంశం. ఇకమీదట అందరూ బండకేసి తిరిగి, వరుసగా నిలబడి, కళ్ళు మూసుకుని మొక్కాలి. ఆఖర్న అందరూ ఒక్క గొంతుతో 'జై బండదేవర' అని అరవాలి. మొక్కినవాళ్ళకే నీళ్ళు. మొక్కు మధ్యలో కన్ను తెరిచినవాళ్ళు అడవి విడిచి పోవాలి, అది కనిపెట్టే బాధ్యత నాది. ఈ నియమానికి చిన్నా పెద్దా లేదు."

"మరి మా సూర్యుడు ఏమైపోవాలి మంత్రిగారూ?" అంది ఒక నెమలి.

"సూర్యుణ్ణి ఎవరు కాదన్నారమ్మా? మీ చెట్టు మీద మీరు మొక్కుకోండి. మడుగు మాత్రం సర్కారుది."

గుంపులోంచి గరికమ్మ ముందుకొచ్చింది. చెవుల కొనలు చిరిగిపోయిన ముసలి కుందేలు అది. ఎవరు ఏమిచ్చినా ముందు వాసన చూసి గానీ ముట్టదు.

"ఒక్క మాట బాబూ. దేవరకి మొక్కితే చాలదా, కళ్ళెందుకు మూసుకోవాలి?"

"భక్తికి చూపుతో పనేముందవ్వా? నీ వాదం వింటుంటే, మీ కుందేళ్ళకి మూడే కాళ్ళని ఎవరన్నారో గానీ నిజమే అనిపిస్తోంది."

అందరూ నవ్వారు. గరికమ్మా నవ్వింది. "నాలుగూ ఉన్నాయి నాయనా. పరిగెత్తబట్టే ఇంతకాలం బతికాను."

దాహం ఎవరి మాటా వినదు. అందరూ బండకేసి తిరిగారు. వానమబ్బు కొండ, సూర్యుడి దిక్కు, బోదగడ్డి అన్నీ వీపు వెనక్కీ పక్కలకీ పోయాయి.

మూడో రోజు ఒక దుప్పి కనిపించలేదు. ఆరో రోజు ఒక అడవిపంది. ఇద్దరూ ఆఖరి వరుసలో నిలబడ్డవాళ్ళే.

"బండదేవర పిలిచాడు, పోయారు," అన్నాడు మెత్తన్న కళ్ళు తుడుచుకుంటూ. "ఎంత పుణ్యం చేసుకున్నారో. మనకా భాగ్యం ఎప్పుడో."

గరికమ్మ ఆ కళ్ళకేసి చూసింది. తడి లేదు.

ఆమె కోడలు మొలక నిండు చూలాలు. ఇవాళో రేపో ఈనేలా ఉంది. కొత్త మతం వచ్చిన దగ్గర్నుంచి దానికి బండదేవర తప్ప వేరే ధ్యాస లేదు. పొద పక్కన ఒక చిన్న రాయి నిలబెట్టి, దాని మీద మట్టితో చారలు గీసి మొక్కుతుంది.

"అత్తా, ఆయన పిలిస్తే పోవడమంటే మాటలా?" అంది.

"నాకు దేవుడి మీద అనుమానం లేదే పిల్లా. నక్కకింత ఆత్రమెందుకో అర్థం కావట్లేదు. నక్కెక్కడ, నాకలోకం ఎక్కడ? నాకలోకానికి దారి చూపించడానికి ఇదెప్పుడు వెళ్ళొచ్చింది?"

"నీకన్నీ అనుమానాలే. గడ్డిపరక కూడా రెండుసార్లు తిప్పి చూస్తావు."

"ఒకసారి తిప్పి చూసినవాళ్ళు ఇప్పుడు లేరమ్మా."

ఆ సాయంత్రం కళ్ళు మూసుకుని నిలబడ్డప్పుడు గరికమ్మ చెవులు తమంతట తామే వెనక్కి తిరిగాయి. బోదగడ్డి గలగలమంది. గాలి లేదు, గడ్డి మాత్రం కదులుతోంది. అంతలో 'జై బండదేవర' అన్న అరుపు లేచి ఆ చప్పుడిని మింగేసింది.

మర్నాడు మెత్తన్న కొత్త నియమం చదివాడు. "దేవర ముందు చెవులు నిక్కించడం అపచారం. ఇకనుంచి చెవులు కూడా మడవాలి. ఇంకో శుభవార్త. రేపు ఆఖరి వరుస నడుమ నిలబడే గౌరవం మన మొలకది. చూలాలి మొక్కు రెండు ప్రాణాల మొక్కు, దేవరకి ప్రీతి."

మొలక పొంగిపోయింది.

కళ్ళు మూసుకోమన్నప్పుడు గరికమ్మ భక్తేమో అనుకుంది. చెవులు మడవమన్నాక, ఈ దేవర మన మొక్కు కోసం కాచుక్కూచోలేదని తేలిపోయింది. కోడల్ని వద్దంటే వినదు. వెళ్ళకపోతే నీళ్ళుండవు, చూలాలు దాహానికి ఆగలేదు. అందుకని అందరూ ఇళ్ళకి పోయాక అడవిదున్నల పెద్ద బరువయ్యని తీసుకుని ఆఖరి వరుస నిలబడే చోటుకి పోయింది. బరువయ్య చెప్పిన పని చేస్తాడు, చెప్పని పని ఆలోచించడు. ఓపిక మాత్రం కొండంత.

"ఇది చూడు బరువన్నా."

బురదలో పులి అడుగులు. బోదగడ్డిలోంచి వచ్చి, ఆఖరి వరుస దగ్గర ఆగి, మళ్ళీ గడ్డిలోకి పోయాయి.

"రాజుగారు మన కాపలాకి వస్తున్నారేమో," అన్నాడు బరువయ్య.

"కాపలాకి వచ్చేవాడు కాలు పూర్తిగా మోపి నడుస్తాడు. వేళ్ళు ఎంత లోతుగా దిగాయో చూడు, మడమ ఆననే లేదు. పొట్ట నేలకానించి పాకినవాడి అడుగులివి. ఇన్నాళ్ళూ మనం దిక్కుకొకరు మొక్కేవాళ్ళం. అందుకే దిక్కుకొక కన్ను ఉండేది. ఈ బోదగడ్డికేసి దుప్పులు చూసేవి. ఇప్పుడు అడవి మొత్తానికి వీపొక్కటే మిగిలింది."

బరువయ్య చాలాసేపు నెమరు వేశాడు. "అయితే పొడిచేద్దామా?"

"వద్దన్నా. మొక్కిద్దాం."

మర్నాడు వరుసలు కడుతుండగా గరికమ్మ మెత్తన్న ముందుకి వచ్చి చేతులు జోడించింది.

"మంత్రిబాబూ, నా మట్టిబుర్రకి ఇన్నాళ్ళకి జ్ఞానం వచ్చింది. రాజమతం అంటే రాజు మొక్కగా మేమూ మొక్కాలి. ఇన్ని రోజులయింది, ఆ ముచ్చట ఒక్కసారీ చూడలేదు. నా కోడలికి ఇవాళ గౌరవం అన్నారు. రాజుగారు ముందు నిలబడి మొక్కితే ఆ వెనక నిలబడి అది మొక్కుతుంది."

"రాజుగారు గుహలో మొక్కుతారవ్వా. తీరిక ఉండదు."

"దేవరకంటే పనులెక్కువా?" అంది నెమలి.

"రాజుగారు రావాలి," అన్నాడు బరువయ్య. దున్నలన్నీ ఆ మాటే అన్నాయి. ఆ తర్వాత అందరూ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మొలక. దానికి నిజంగానే ఆశ.

బోదగడ్డిలో పొంచి ఉన్న పులికి ఈ గోలంతా వినిపించింది. మంత్రి కాదంటే మతం పోతుంది, మతం పోతే కూడు పోతుంది. పులి చుట్టూ తిరిగి దర్జాగా ముందుకొచ్చి బండ ఎదుట నిలబడింది. దాని వెనకే బరువయ్య, అటూ ఇటూ ఇరవై దున్నలు, ఒక్కొక్క కొమ్ము మూరెడు.

"కానివ్వండి మహారాజా. కళ్ళు మూసుకోండి, చెవులు మడవండి," అంది గరికమ్మ. "మేమూ మూస్తున్నాం."

పులి కళ్ళు మూసింది. మడుగంతా సద్దుమణిగింది. వెనక ఒక దున్న గిట్టతో నేల గీరింది. ఇంకొకటి ముక్కుతో బుస్సుమంది. అంతే. ఇన్నాళ్ళు ఇతరుల వీపు మీద దూకినవాడికి తన వీపు ఎంత వెడల్పో అప్పుడు తెలిసింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, పులి ఒక కన్ను తెరిచి మెల్లగా వెనక్కి చూసింది.

వెనక ఒక్క కన్నూ మూసి లేదు. అడవంతా దానికేసే చూస్తోంది.

"రాజుగారు కన్ను తెరిచారు," అంది గరికమ్మ నెమ్మదిగా. "నియమం ఏమిటి మెత్తన్నా?"

"అది... రాజుగారికి నియమం వేరు."

"చిన్నా పెద్దా లేదన్నావే ఆ రోజు."

"మీరు మాత్రం మూశారా?"

"రాజు మొక్కగా చూసి మొక్కుదామనుకున్నాం. ఆయన మొక్కితే కదా."

బరువయ్య నెమరు ఆపాడు. "రాజుకి వర్తించనిది దేవుడి నియమం ఎలా అవుతుంది? రాజు ఆకలి నియమం అవుతుంది గానీ," అని ఒక్క అడుగు ముందుకేశాడు. ఇరవై దున్నలూ ఒక్కొక్క అడుగు వేశాయి.

పులి బండనీ చూసింది, కొమ్ములనీ చూసింది. బండ ఏమీ అనలేదు. తోక ముడిచి పడమటి కనుమ దారి పట్టింది.

"పీడ వదిలింది," అన్నాడు మెత్తన్న, గొంతు మళ్ళీ వెన్నపూస చేసుకుని. "నేను మొదట్నుంచీ మీవాణ్ణే. రండి, ఇప్పుడు మీ అందరి మతం ఒకటి రాసుకుందాం."

"రాసుకుందువుగాని. ముందు ఒకటి చెప్పు బాబూ," అంది గరికమ్మ. "మొక్కేటప్పుడు ఎవరు కన్ను తెరిచారో రోజూ నువ్వే కదా చూసి చెప్పేవాడివి?"

"అవును. నా బాధ్యత."

"అంటే నీ కళ్ళు ఒక్కరోజూ మూతపడలేదన్నమాట. దారి అదే నాయనా, రాజుగారు ఇంకా ఎంతో దూరం పోలేదు."

కొమ్ములు ఇటు తిరిగాయి. మెత్తన్న పరుగెత్తాడు. ఆ కనుమలో దారి ఒకటే, ఒకరు పట్టేంత ఇరుకు. నక్క కొమ్ముల భయానికి కనుమ మొదట్లోనే పులిని దాటుకుని ముందుకు పోయింది. ఆకలి మీదున్న పులి వెనకే నడిచింది. అడుగుకొకసారి వెనక్కి తిరిగి చూసుకుంటూ మెత్తన్న మలుపు తిరగడం అందరూ చూశారు. ఆ తర్వాత కథ కనుమకే తెలియాలి.

మూడో నాటికి మొలక నలుగురు పిల్లల్ని ఈనింది. పొద పక్కనున్న చారల రాయిని తీయనా అత్తా అని అడిగింది. "ఉండనీ, రాయేం చేసింది పాపం," అంది గరికమ్మ. "దాని చుట్టూ తిరుగు, చాలు." సాయంత్రం మడుగు దగ్గర నెమళ్ళు తూర్పుకి, దున్నలు పడమటికి, దుప్పులు బోదగడ్డికి తిరిగి దండం పెట్టాయి. గరికమ్మ చెవులు నిక్కించి ఒక చుట్టు తిరిగి, నీళ్ళు వాసన చూసి తాగింది.

ఏలేవాడు మీ అందరి ముఖాలూ ఒకే దేవుడి వైపు తిప్పినప్పుడు, దండం పెట్టే ముందు మీ వీపు వెనక ఎవరున్నారో చూసుకోండి.