వాలిన తొమ్మిది

“అసలు కారులోనే తప్పుంటే, మనం చేసే నమూనాలోనూ ఆ తప్పు చెయ్యాలా మాస్టారూ?” అని సుదర్శనం అడిగాడు.

పేర్రాజు మాస్టారు అడిగిన వెంటనే జవాబిచ్చే మనిషి కాదు. విశాఖపట్నంలో పాలిటెక్నిక్ కుర్రాళ్లకు డ్రాయింగు చెప్పి రిటైరయ్యాక, ఇంటి ముందుగదిలో కూర్చుని ప్లాస్టిక్ కారు కిట్లను చరిత్రకు సరిపోయేలా మార్చడం పనిగా పెట్టుకున్నారు. పెట్టెలో వచ్చిన ముక్కలను వచ్చినట్టే అతికిస్తే అందరి దగ్గరా ఉండే కారు తయారవుతుంది. ఫలానా రోజు, ఫలానా పందెంలో, ఫలానా మనిషి నడిపిన కారు కావాలంటే ఉన్నవి కోయాలి, అరగదీయాలి, లేనివి చేత్తో చేసి పెట్టాలి.

ఆ పని నేర్చుకోవడానికి సుదర్శనం సెలవురోజుల్లో వచ్చేవాడు. ఓడలు కట్టేచోట నక్షాలు గీసే ఉద్యోగం అతనిది. నిక్కచ్చి మనిషి. అబద్ధమాడడు, ఆలస్యంగా రాడు, పని సగంలో వదలడు. అవన్నీ మెచ్చుకోదగ్గవే. కాని తప్పు కంటపడితే దిద్దకుండా ఉండలేడు.

“మా ఆవిడ వంట చేస్తూ పాడేదండీ. శ్రుతి తప్పుతోందని నాలుగైదుసార్లు చెప్పాను. ఇప్పుడా ఇబ్బంది లేదు, పాడడమే మానేసింది” అని ఒకరోజు తృప్తిగా చెప్పాడు. మాస్టారు తలెత్తి అతన్ని చూసి, మళ్లీ గరుకు కాగితం అందుకున్నారు.

ఇప్పుడీ ప్రశ్న వచ్చింది సుగుణమ్మగారి కారు దగ్గర. ఆవిడ భర్త ప్రకాశంగారికి ఒకప్పుడు కార్లు బాగుచేసే షెడ్డు ఉండేది. వయసులో ఉండగా తన పాత ఫియట్ కారునే మరమ్మతు చేసుకుని, మద్రాసు అవతల ఒక పాడుబడిన విమానాల మైదానంలో జరిగిన పందెంలో నడిపారు. ఆయన పందెం జీవితమంతా ఆ ఒక్కరోజే. నిరుడు పక్షవాతం వచ్చి తగ్గింది. చెయ్యీ కాలూ కదిలాయి, మాట తిరిగొచ్చింది. అయినా ఆయన వరండాలో కుర్చీ వేసుకుని వీధికేసి చూస్తూ ఉండిపోయేవారు.

“డాక్టరుగారు అంతా బాగుందంటున్నారు. కాని ఆయన నాతో పోట్లాడి ఏడాదైంది మాస్టారూ. ఇల్లు బోసిపోయింది” అని సుగుణమ్మగారు అగ్గిపెట్టెంత పందెంనాటి ఫోటో ఒకటి బల్లమీద పెట్టారు. “ఇది చూపిస్తే కళ్లు ఆనడం లేదంటారు. చేత్తో పట్టుకునేలా ఆ కారు చేసి పెట్టండి. చూసి ఒక్క మాటంటారేమో. తిట్టయినా సరే.”

సుదర్శనం ఆ పని తలకెత్తుకున్నాడు. కిట్టు విదేశాల కోసం చేసినది కాబట్టి స్టీరింగు ఎడమవైపుంది. దాన్ని కోసి కుడివైపుకు మార్చాడు. బంపర్లు తీసేశాడు. వెనక సీటు పీకేసి, బోల్తాపడ్డా మనిషిని కాపాడేందుకు అమర్చినట్టు ఫోటోలో కనిపించిన ఇనుపగొట్టాల చట్రాన్ని సన్నటి కడ్డీలతో కట్టాడు. ఇక తలుపుమీద నెంబరు మిగిలింది. భూతద్దంలో చూస్తే తెల్లటి వృత్తం వంకరగా ఉంది. అందులో తొమ్మిది అంకె గోడకి జేరబడ్డట్టు వెనక్కి వాలి ఉంది. దాని తోకనుంచి రంగు చుక్క కారింది.

“నెంబరు నిటారుగా ఉండాలి కదండీ. ఎవరో చేతకానివాళ్లు రాశారు” అని, అప్పుడతను ఆ ప్రశ్న వేశాడు.

“కారు పూర్తిచెయ్యి. నువ్వే పట్టుకెళ్లి ఇవ్వు” అన్నారు మాస్టారు.

సుదర్శనం ఆ మాటను అనుమతి అనుకున్నాడు. గుండ్రటి వృత్తం గీసి, అందులో నిటారైన అచ్చు తొమ్మిదిని అంటించి, ప్రకాశంగారింటికి తీసుకెళ్లాడు.

ఆయన కారును అరచేతిలో పెట్టుకుని లోపలికి తొంగిచూశారు. “స్టీరింగు కుడివైపే పెట్టావు. మంచి పనివాడివే” అన్నారు. తలుపుకేసి చూసి, “ఎవరిది బాబూ ఈ కారు?” అని అడిగారు.

“మనదేనండీ!” అన్నారు సుగుణమ్మగారు.

“మనది కాదులే” అని కారు తిరిగిచ్చేసి, ఆయన మళ్లీ వీధికేసి తిరిగారు.

సుగుణమ్మగారు గేటుదాకా వచ్చారు. “నీ పనికి వంక పెట్టలేను నాయనా. కాని నా తొమ్మిది ఏదీ?”

సుదర్శనానికి అర్థం కాలేదు.

“ఆ పొద్దున మాకు నెంబరు ఆలస్యంగా ఇచ్చారు. రాసేవాడు దొరకలేదు. అప్పటికి కొత్తగా పెళ్లయింది మాకు. కిరసనాయిలు డబ్బా బోర్లించి దానిమీద కూర్చుని నేనే రాశాను. ‘తొమ్మిది రాయమంటే నిద్రపోయే తొమ్మిదిని రాశావేమే, కారు కూడా నిద్రపోతుంది’ అని ఈయన పదిమందిలో అరిచారు. మా మొదటి పోట్లాట అదే. తుడిచేస్తానంటే మాత్రం తుడవనివ్వలేదు.”

“ఎందుకు తుడవనివ్వలేదు?”

“నేనడగలేదు, ఆయన చెప్పలేదు” అని ఆవిడ కారును అతని చేతిలో పెట్టారు.

సుదర్శనం తిరిగొచ్చి జరిగింది చెప్పాడు. మాస్టారు భూతద్దాన్ని అతని ముందుకు జరిపారు. “చూసి రాయి. నీ తొమ్మిది కాదు, ఆవిడ తొమ్మిది.”

అంత కష్టమైన పని సుదర్శనం ఎన్నడూ చేయలేదు. చెయ్యి తనంతట తానే అంకెను నిలబెడుతోంది. కావాలని వంచితే, “వెక్కిరించినట్టుంది, తుడిచెయ్” అంటారు మాస్టారు. రాయడం, తుడవడం, మళ్లీ రాయడం. చివరికి కుర్చీ వదిలి పొట్టి పీటమీద కూర్చున్నాడు. కారును తన మోకాళ్ల ఎత్తులో పెట్టాడు. పందెం మొదలవుతోందని పక్కన ఎవరో తొందరపెడుతున్నట్టు అనుకుని, కుంచె నిండా రంగు తీసుకుని ఒక్క ఊపులో రాశాడు. తొమ్మిది దానంతటది వెనక్కి వాలింది. తోకనుంచి రంగు కారింది. తుడవబోయిన చేతిని సుదర్శనం వెనక్కి తీసుకున్నాడు.

ఈసారి ప్రకాశంగారు కారును అయిష్టంగానే అందుకున్నారు. తలుపు చూశారు. కళ్లకు దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూశారు.

“సుగుణా! ఇటురా ఒకసారి. ఇదిగో నీ తొమ్మిది. ఇన్నేళ్లయినా లేవలేదే ఇది!”

వంటింట్లోంచి ఆవిడ చేతులు తుడుచుకోకుండానే వచ్చారు. “రాసేవాణ్ణి కుదుర్చుకోలేని మీరు నాకు వంకలు పెడతారా?”

“రంగు కార్చమని చెప్పానా?”

“రంగు డబ్బా పట్టుకోమంటే ఇంజనులో తల దూర్చింది ఎవరో?”

“దీనివల్లే మనం వెనకబడ్డాం.”

“అబ్బో! లేకపోతే కప్పు తెచ్చి ఇంట్లో పెట్టేవారు!”

సుదర్శనం వెళ్లొస్తానన్న మాట ఇద్దరూ వినిపించుకోలేదు. ఇస్తామన్న కాఫీ సంగతి కూడా మరిచిపోయారు. వీధి మలుపు తిరిగేదాకా ఆ పోట్లాట అతనికి వినబడుతూనే ఉంది.

అతను వచ్చేసరికి మాస్టారు కొత్త కిట్టు పెట్టె విప్పుతున్నారు. సుదర్శనం అంతా చెప్పి, “నా ప్రశ్నకు మీరు జవాబు చెప్పనేలేదు మాస్టారూ” అన్నాడు.

“మీ ఆవిడ వంట చేస్తూ పాడేదన్నావే, అది ఏ పాట?”

సుదర్శనం గుర్తుచేసుకోబోయాడు. శ్రుతి తప్పే చోటు బాగా గుర్తుంది. పాట గుర్తు రాలేదు.

“వెళ్లి కనుక్కో” అన్నారు మాస్టారు.