రెండు బటన్ల వీధి

ఒక ఊళ్ళో ఒక అంగళ్ళ వీధి ఉండేది. ఆ వీధి చివర పసుపు కుంకుమ అమ్మే ఆవిడకి ఒక్కతే కూతురు. ఫోన్లలోకి యాప్‌లు తయారుచేసే ఆఫీసులో ఆ పిల్లకి ఉద్యోగం. ఊరి బయట అద్దాల మాల్ వెలిసినప్పటి నుంచీ వీధివాళ్ళంతా ఈగలు తోలుకుంటున్నారు, తల్లితో సహా. చూసి చూసి ఆ పిల్ల పంతం పట్టింది. వీధి మొత్తాన్నీ ఒక యాప్‌లోకి ఎక్కించింది.

చక్కటి యాప్. ప్రతి కొట్టుకీ ఒక బొమ్మ, బొమ్మ కింద రెండు బటన్లు. సరుకుంటే 'ఉంది' నొక్కాలి, అయిపోతే 'లేదు' నొక్కాలి. ఇంతకన్నా తేలికేముంటుంది చెప్పండి? చంటిపిల్లలైనా నొక్కేస్తారు.

వీధివాళ్ళు మాత్రం నొక్కలేదు. 'ఉంది' దగ్గర ఎవరికీ పేచీ లేదు. రెండోదాని దగ్గరికొచ్చేసరికి వేళ్ళు వెనక్కి పోయేవి. కొట్లో కూర్చుని లేదనే మాట అనకూడదని వాళ్ళ పట్టు. ఉప్పు అయిపోయినా, నూనె అడుగంటినా నిండుకుందనే అంటారు. అదే రాయమని తల్లి కూడా అడిగింది. ఆ మాట బటన్‌లో పట్టదనీ, పైవూరి వాళ్ళు చూస్తే కొట్టు నిండుగా ఉందనుకుంటారనీ కూతురు కొట్టిపారేసింది. చాదస్తం అని కూడా అంది. తల్లి నొచ్చుకుంది.

మొదట మెత్తబడ్డవాడు సాంబ్రాణి కొట్టాయన. సరుకు అయిపోయిన రోజు, అమ్మాయి మాట కాదనలేక, కళ్ళు మూసుకుని నొక్కేశాడు. మర్నాడు ఆ కొట్టుండే చోట సున్నం వేసిన గోడ ఉంది. తలుపు లేదు, బోర్డు లేదు, ఆయనా లేడు. పక్క కొట్లో అడిగితే, అక్కడెప్పుడూ గోడేగా అన్నారు. ఆ పిల్ల గోడని తడిమి చూసింది. ఫోన్ తీసి చూస్తే సాంబ్రాణి కొట్టు బొమ్మ ఎక్కడిది అక్కడే ఉంది. తనే ఏదో పొరబడ్డానని సర్దిచెప్పుకుంది. మన బుద్ధి మనకి ఎంతకైనా సర్దిచెబుతుంది మరి.

తర్వాత గాజులవాళ్ళు. ఆ తర్వాత చాపలవాళ్ళు. గోడ పక్కన గోడ లేచింది. జనం ఆ గోడల వెంబడి తాపీగా నడిచిపోతున్నారు, ఎవరికీ ఏ లోటూ తోచడం లేదు. అప్పుడు దిగింది ఆ పిల్లకి అసలు భయం. వీధిలో ఇక మిగిలింది అమ్మ కొట్టే. 'లేదు' బటన్ తీసేయబోతే అది కదల్లేదు. తను పెట్టిందే, తన మాట వినలేదు. ఆఫీసులో నిలవలేక తల్లి దగ్గరికి పరుగెత్తింది.

కొట్టు ఇంకా ఉంది. తల్లి అరుగు మీద ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంది. ముఖం వెలిగిపోతోంది.

"కుంకుమ అయిపోయిందే. మీ ఆఫీసు వాళ్ళ ముందు నీకు తలవంపులెందుకని, నేనూ నొక్కేశాను," అంది తల్లి. "ఇప్పుడు సంతోషమేనా?"

కూతురు గబుక్కున తల్లి చెయ్యి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. అరచేతికి చల్లగా సున్నం తగిలింది.

ఆ గోడకి ఆనుకుని ఎంతసేపు ఏడ్చిందో ఆమెకే తెలీదు. ఎప్పటికో పక్కూరి పెద్దాయనొకడు సంచీ పట్టుకుని అటొచ్చాడు. ఏదో గుర్తుకొచ్చీ రానట్టు గోడని ఎగాదిగా చూశాడు.

"ఇక్కడ పసుపు కుంకుమ అమ్మే ఆవిడ ఉండాలి కదమ్మా," అన్నాడు. "ఆవిడ లేదా?"

జవాబు ఆమె నాలుక చివరే ఉంది. ఒక్క ముక్క. దాన్ని పళ్ళ మధ్య అదిమిపెట్టింది.

"మా అమ్మ నిండుకుంది," అంది.

పెద్దాయన తలూపాడు. "అయితే రేపొస్తాలే తల్లీ," అని సంచీ మడుచుకుని వెళ్ళిపోయాడు.

గోడ అవతల ఎవరో డబ్బా మూత తీసిన చప్పుడైంది.