గోలు కాసిన కుక్క

పగవాడు కర్ర పట్టుకొస్తే తలుపేసుకుంటాం. నవ్వుతూ బంతి పట్టుకొస్తే? తలుపు తీసి, ముక్కాలిపీట వేసి, మనమే బయటికి నడుస్తాం. గుట్ట కింది గొర్రెల దొడ్డిలో ఒక పూట అదే జరిగింది.

ఆ దొడ్డిలో మందెడు గొర్రెలు, కాసిని మేకలు, ఒక ఎద్దు, ఒక దున్న, ఒక గాడిద ఉండేవి. వాటన్నిటికీ సింగడనే కుక్క కాపలా. మనుషులంతా సంతకు పోయిన రోజు చూసి, గుట్ట మీది నక్కల పెద్ద గుట్టయ్య దిగొచ్చాడు. వెనక వాడి జట్టు, దాని వెనక కేకలెయ్యడానికొచ్చిన నక్కల గుంపు.

"బావలూ, ఎన్నాళ్ళీ పగలు? మా గుట్ట క్లబ్బుకీ మీ దొడ్డి జట్టుకీ ఒక ఫ్రెండ్లీ మ్యాచ్ పెట్టుకుందాం. గెలిస్తే గర్వం లేదు, ఓడితే ఏడుపు లేదు. ఆడినంతసేపు ఆడి, కలిసి నీళ్ళు తాగి పోదాం" అన్నాడు.

ఎద్దు మొహం చాటంతయింది. దున్న అప్పుడే కాళ్ళు సాగదీసింది. బొల్లిమేక ఒక్కతే నెమరెయ్యడం ఆపింది. మొన్ననే ఈనింది. దాని పిల్లకింకా కాళ్ళు నిలవలేదు, పాక మూల గంప కింద పడుకుని ఉంది.

"అందరం ఆట దగ్గరుంటే దొడ్డి దగ్గరెవరుంటారు?" అని అడిగింది.

గుట్టయ్య గుండె మీద చెయ్యేసుకున్నాడు. "తల్లీ, నేస్తం కోసం గుమ్మంలోకొచ్చినవాళ్ళ ఎదుట కాపలా పెడతారా? పెళ్ళికొచ్చిన చుట్టాల సంచులు వెతికినట్టుంటుంది!"

"నువ్వు నోరు మూసుకోవే బొల్లీ" అని ఎద్దు కసిరింది. "వచ్చినవాళ్ళ ముందు మన పరువు తియ్యకు."

"పరువు సంగతి నాకెందుకు మామా, పిల్ల సంగతి అడుగుతున్నా."

గుట్టయ్య ఆ మాట వినపడనట్టే సింగడి వైపు తిరిగాడు. "గోలు కాయాలంటే ఈ చుట్టుపక్కల సింగన్న తర్వాతే ఎవరైనా. ఇన్నేళ్ళు ఈ దొడ్డి కాశావు. ఒక్కరన్నా భేష్ అన్నారా? ఇవాళ లోకమంతా చూస్తుంది."

సింగడు నోరు తెరవకముందే తోక ఒప్పేసుకుంది.

గొర్రెలన్నీ వరసగా బయల్దేరాయి. పిల్లను నోట కరుచుకుపోవడానికి మేక పిల్లి కాదు. దగ్గరే ఉండిపోదామంటే, ఖాళీ దొడ్డిలో ఒంటరి మేకా ఒంటరి పిల్లా, వడ్డించిన విస్తరే. మంద ఎక్కడుంటే బలం అక్కడుంటుందని మనసు రాయి చేసుకుంది బొల్లి. గంప మీద గడ్డి కప్పింది, పిల్ల వాసన బయటికి రాకుండా. వేరుశనగ పీకేసిన చేలో ఆట. గట్టున ఒక బండ ఉంది. దాని మీదెక్కి నిలబడితే ఒక కంటికి ఆట, ఒక కంటికి దొడ్డి వాకిట్లో అడ్డం పెట్టిన ముళ్ళకంప కనపడతాయి.

గాడిద రెఫరీ. ఓండ్ర పెట్టింది, ఆట మొదలైంది.

మొదట బాగానే ఉంది. దున్న తన్నిన బంతి గట్టు దాటింది, ఎద్దు తన కాలు తానే తొక్కుకుంది, అందరూ నవ్వారు. నక్కల గుంపు కూడా "శభాష్ దొడ్డి జట్టు" అని అరిచింది. బొల్లి నవ్వలేదు. నక్కలు బంతిని సింగడి గోలు ముందుకు తెచ్చాయి. ఒకటి ఇంకొకదానికి తోసింది. అది మళ్ళీ దీనికే తోసింది. సింగడు కుడికి దూకాడు, ఎడమకి దూకాడు, నాలుక వేలాడేశాడు. గోలు తెరిచిన తలుపులా ఉంది, అయినా నక్కలు తన్నలేదు. బంతిని అక్కడక్కడే తిప్పాయి.

"ఎంత ముద్దుగా ఆడుతున్నాయో!" అంది పక్కనున్న పెద్ద గొర్రె.

"వదినా, గోలు వెయ్యని ఆట ఎక్కడన్నా చూశావా?"

"ఫ్రెండ్లీ కదే. మొహమాటం."

"నక్కకు మొహమాటమా!" అంటూనే బొల్లి కేకలేసే గుంపు వైపు చూసింది. ఇందాక వెనక వరసలో పళ్ళికిలించిన ముసలినక్క లేదు. దాని పక్కనున్న కుంటిది కూడా లేదు. మిగిలినవాళ్ళు లేనివాళ్ళ కేకలు కూడా కలిపి అరుస్తున్నారు. బొల్లి దొడ్డి వైపు తిరిగింది. పాక మీద వాలిన కొంగలు ఒక్కసారిగా లేచాయి. వాకిట్లో ముళ్ళకంప పక్కకి జరిగి ఉంది.

ఒక్క దూకులో బండ దిగింది. గోలు వెనక్కి పరిగెత్తింది.

"సింగా! దొడ్డిలో నక్కలు దూరాయి, పోరా!"

సింగడు తల తిప్పలేదు. కళ్ళు బంతి మీదే ఉన్నాయి. "గోలు వదిలితే ఎట్టా వదినా? ఊరంతా చూస్తోంది."

"ఊరు చూస్తోంది కాబట్టే ఇల్లు ఎవరూ చూడట్లేదు! నీ పని దొడ్డి కాయడం, ఈ రెండు పుల్లల మధ్య గాలిని కాయడం కాదు!"

"ఇదొక్కటీ ఆపి..."

"రెఫరీగారూ!" గుట్టయ్య గొంతు పాలల్లో తేనె కలిపినట్టుంది. "ఆట మధ్యలో గోలీని పలకరించొచ్చా? మా క్లబ్బులో అయితే ఇది పెద్ద తప్పు."

గాడిద చెవులు నిక్కబొడుచుకుంది. జీవితంలో మొదటిసారి ఎవరో 'గారూ' అన్నారు దాన్ని. "మేకా! గీత అవతలికి నడు!"

"గీత దగ్గర నీ పౌరుషం చూపించకు గాడిదా, అక్కడ నా పిల్ల..."

"నడవమన్నానా!"

దూరంగా, గాలిలో సన్నటి దారంలా, ఒక 'మే' వినపడింది. తల్లికి తప్ప ఎవరికీ వినపడేంత పెద్దది కాదు. బొల్లి అటు రెండడుగులు వేసి ఆగింది. ఒక్కతే పోతే రెండు నక్కల ముందు అదేం చేస్తుంది? గొర్రెల దగ్గరికి ఉరికింది.

"వదినా, లే! అందర్నీ లేపు! దొడ్డిలో దొంగలు పడ్డారు!"

పెద్ద గొర్రె అటూ ఇటూ చూసింది. "అందరూ కూర్చునే ఉన్నారుగా. నిజమైతే ఎవరో ఒకరు లేచేవాళ్ళు."

"ఆ లేచేది నువ్వే ఎందుకు కాకూడదు?"

"అందరూ లేస్తే నేనూ లేస్తా."

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఉలిపికట్టె ఒక్కతే దారి మార్చుకుంటే చాలదు, ఊరిని కూడా తనతో తిప్పుకోవాలి. గొర్రెకు న్యాయం చెప్పి లాభం లేదని బొల్లికి తెలిసిపోయింది. నాలుగడుగులు వెనక్కేసింది, తల వంచింది, వచ్చి పెద్ద గొర్రె పిర్ర మీద కొమ్ములతో బలంగా కుమ్మింది.

"అమ్మో!" అంటూ పెద్ద గొర్రె ఎగిరి దొడ్డి వైపు పరుగందుకుంది. పక్కది ఎందుకని అడగలేదు, లేచింది. దాని పక్కది లేచింది. కన్ను మూసి తెరిచేలోగా మందంతా దుమ్ము రేపుతూ గోలు పుల్లల పక్కనుంచి దూసుకుపోయింది. ముందు బొల్లి.

సింగడు చూశాడు. పరువు వాడి బుర్రలో ఉంది, పని మాత్రం కాళ్ళలో ఉంది. మంద పరిగెడుతుంటే నిలబడ్డ కాపలా కుక్క ఈ లోకంలో పుట్టలేదు. బంతి వాడి ముక్కు ముందు నుంచే దొర్లింది. వాడు దాన్ని దాటేసి మంద వెనక పడ్డాడు.

"ఆగండి! ఆట అవలేదు!" గుట్టయ్య గొంతులో తేనె ఇంకిపోయింది. "పట్టుకోండి ఆ కుక్కని!"

దొడ్డి వాకిలి ఇరుకు. లోపలికి గొర్రెలు విరుచుకుపడితే బయటికి నక్కకు సందెక్కడిది? ముసలినక్క ముళ్ళకంప మీదికి దూకి అందులోనే చిక్కుకుంది. కుంటిదాని మెడ సింగడి పళ్ళ మధ్య దొరికింది.

బొల్లి ఇవేవీ చూడలేదు. పాక మూల గంప వెల్లకిలా పడి ఉంది. కింద గడ్డి తప్ప ఏమీ లేదు. గొర్రెలు అడ్డొచ్చాయి, ఒక్కొక్కదాన్నీ తోసుకుంటూ వెతికింది. చివరికి తొట్టి వెనక, గోడకూ తొట్టికీ మధ్య, వణుకుతున్న రెండు చెవులు. గంప పడగానే నిలవని కాళ్ళతోనే పాకి దూరిన పిల్ల అది. బొల్లి నాకింది, కరిచింది, మళ్ళీ నాకింది.

దుమ్ము అణిగాక చూస్తే గుట్ట మీదికి పోతున్న నక్కల తోకలు కనపడ్డాయి. అన్నిటికన్నా ముందున్న తోక గుట్టయ్యది. వెనక చిక్కుకున్న తనవాళ్ళ కోసం వాడు ఒక్కసారన్నా తిరిగి చూడలేదు.

సింగడు తల వంచుకుని వచ్చాడు. "వదినా... గోలు వదిలేసి వచ్చేశా. వేసుకుని ఉంటారా?"

"నువ్వు అటూ ఇటూ దూకుతున్నప్పుడే గోలు తెరిచుంది, బంతి వాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంది. అయినా వెయ్యలేదు సింగా. వాళ్ళు ఆటకొచ్చి ఉంటే వేసేవాళ్ళు" అంది బొల్లి, పిల్లను పొదుగు కిందికి తోస్తూ.

కాపలావాణ్ణి కాపలా చోటు నుంచి కదిలించే పొగడ్త, దొంగ వేసే మొదటి అడుగు.