మాణిక్యాలు ముడి

ఊఁ కొడతానంటేనే చెబుతాను. మధ్యలో కునుకు తీస్తే మాత్రం నాకు కోపం వస్తుంది.

అనగా అనగా, ఊళ్లలోకి కరెంటు కొత్త కోడలిలా బెరుకు బెరుకుగా అడుగుపెడుతున్న రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక తీగల కార్ఖానా ఉండేది. ఇళ్ల గోడల్లో పెట్టే కరెంటు తీగ అక్కడ తయారయ్యేది. లోపల రాగి, పైన రబ్బరు తొడుగు. ఆ తీగను చుట్టలు చుట్టే పని మాణిక్యాలుది.

మాణిక్యాలు నేతపేట మనిషి. మగ్గాలు మూలపడ్డాక కూలికి వచ్చింది. నలభై ఏళ్లు నూలు కండెలు చుట్టిన చెయ్యి. వేళ్ల మధ్య పోగు జారుతుంటే, ఎక్కడ సన్నబడిందో చూడకుండానే చెప్పేది.

ఒకరోజు తీగ చుడుతుంటే ఆ వేళ్లు ఆగాయి. తొడుగు ఒక పక్క మందంగా, ఇంకో పక్క ఉల్లిపొరలా ఉంది. మాణిక్యాలు మేస్త్రీ దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, ఇక్కడ తొడుగు పల్చబడిందండి. గోడ చెమ్మ తగిలితే మనిషి ప్రాణం పోద్దండి."

మేస్త్రీ తీగ చివర బల్బు తగిలించాడు. "బల్బు వెలిగిందిగా మామ్మా, మరింకేం?"

గుమాస్తా దగ్గరికి వెళ్లింది. ఆయనా బల్బు తగిలించాడు. "బల్బు వెలిగిందిగా, మరింకేం?"

యజమాని వీరభద్రయ్య దగ్గరికి వెళ్లింది. ఆయన బల్బు కూడా తగిలించలేదు. "వెలుగుతుందిలే, మరింకేం?"

ముగ్గురికీ ఆమె చెప్పింది ఒక్కటే. "వెలుగు చెప్పదు బాబూ, వేలు చెబుద్ది."

పెద్దమనుషులకు కూలిదాని వేలి మాట చెవికెక్కుతుందా? ఎక్కలేదు.

ఆ పల్చటి ముక్క కోసేద్దామంటే చుట్ట పొట్టిదవుతుంది, పని పోతుంది. ఊరుకుందామంటే ఎవరింట్లోనో చంటిపిల్ల గోడ పట్టుకుని లేస్తుంది. రెండు రోజులు ఆమెకు అన్నం సయించలేదు. మూడోనాటి నుంచి, పల్చటి చోటు వచ్చినప్పుడల్లా అక్కడ తీగను ముడివేసి చుట్టలో కలిపేసింది. ముడి ఉన్న తీగ గోడలోని పైపులో దూరదు. ఎంత లాగినా దూరదు.

దర్జీ ఇంట్లో తీగ పైపు మూతి దగ్గర ఆగిపోయింది. బళ్లో ఆగిపోయింది. చుట్టలు తిరిగొచ్చాయి. వీరభద్రయ్య మండిపడ్డాడు.

"కరెంటు తీగకు ముడేస్తారటే ఎవరైనా? మగ్గమనుకున్నావా?"

"ముడి కనపడుద్ది బాబూ. నా మాట మీకు కనపళ్లేదు."

ఆ పూటే పనిలోంచి తీసేశారు. ఆమె ఏడుస్తూ ఇంటికి వెళ్లింది. ధైర్యంగా వెళ్లిందని చెప్పొచ్చు గానీ అబద్ధం ఎందుకు? ఆ కూలి లేకపోతే ఆమెకు గంజే గతి.

వానలు పడ్డాయి. వీరభద్రయ్య కొత్త ఇల్లు కడుతున్నాడు. తీగ తన కార్ఖానాదే. స్నానాల గది గోడలో అది ఆగిపోయింది. కరెంటు పని చేసే జకరయ్య దాన్ని వెనక్కి లాగి ముడి చూపించాడు.

"ముడి పక్కన గోటితో గీరండి అయ్యగారూ."

గీరితే రాగి మెరిసింది. ఇల్లు చూడ్డానికి వచ్చిన మనవరాలు, ఇంకా నడక సరిగా రాని పిల్ల, అదే తడిగోడ పట్టుకుని నిలబడి నవ్వుతోంది.

వీరభద్రయ్య చెప్పులు కూడా వేసుకోకుండా నేతపేటకు పరుగెత్తాడు. మాణిక్యాలు తలుపుకు తాళం వేసి ఉంది.

"ఇప్పుడా రావడం?" అంది పక్కింటావిడ. "పెద్దకర్మ కూడా అయిపోయింది బాబూ."

మాణిక్యాలు పోయింది. ముడులు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఎక్కడెక్కడి దుకాణాల్లోనో అమ్ముడుపోకుండా ఉన్న చుట్టల్లోంచి మూడేళ్లు వచ్చాయి. ముడి ఉన్న ప్రతిచోటా పల్చటి తొడుగే. ఒక్కటంటే ఒక్క ముడి అబద్ధం చెప్పలేదు. వీరభద్రయ్య నేతపేట ఆడవాళ్లను పిలిచి, తీగను వేళ్లతో చూసే పనికి పెట్టాడు. మంచి పనే. కానీ ఆమె ఉండగా చెయ్యలేదుగా! నాకైతే ఆ మనిషి మీద కోపం ఇంకా పోలేదు.

ఇప్పటికీ ఆ వైపు కరెంటు పనివాళ్లు కొత్త చుట్ట విప్పగానే పైపులో దూర్చరు. తీగ చివర ఒక వదులు ముడి వేస్తారు. "మాణిక్యాలమ్మా, నీ వేలియ్యి" అంటారు. తీగను మూడుసార్లు వేళ్ల మధ్య జార్చి చూసి, అప్పుడు ముడి విప్పుతారు. పైపైన చూసి పని బాగుందనే వాణ్ణి చూస్తే అక్కడి ముసలాళ్లు "బల్బు వెలిగిందిగా!" అంటారు. అక్కడ అది తిట్టు.

కథ కంచికి పోయింది. మనమూ లేచి ఇళ్లకు పోదాం. వెళ్లి దీపం వేసేటప్పుడు, ఆ ముసలామె వేళ్లను ఒక్కసారి తలుచుకోండి.