సీతారత్నం బిస్కెట్లు

అనగనగా గోదారి లంకల్లో ఒక ఊరు. ఆ ఊళ్ళో సీతారత్నం అని ఒకావిడ ఉండేది. ఆవిడ చేసే గోధుమపిండి బిస్కెట్లంటే ఊరంతా చెవి కోసుకునేది. పిండిని బెల్లం నీళ్ళతో కలిపి, చపాతీలా ఒత్తి, డైమండ్ ముక్కలుగా కోసి, నూనెలో వేయించడమే. అంత సులువు. కానీ నోట్లో వేసుకుంటే కరిగిపోయేవి. "చేస్తే సీతారత్నమే చెయ్యాలి" అనేవాళ్ళు. ఆ ఒక్క మాట కోసం ఆవిడ ప్రాణం పెట్టేది.

ఒకనాడు పక్కింటి నూకాలు వచ్చి, ఎలా చెయ్యాలో చెప్పమంది. సీతారత్నం అన్నీ చెప్పింది గానీ, చిటికెడు ఉప్పు సంగతి మింగేసింది. ఆ తర్వాత తోడికోడలు భాస్కరమ్మ అడిగింది. ఆవిడకి ఉప్పు చెప్పింది, సన్న సెగ మీద వేయించాలని చెప్పలేదు.

ఆ తర్వాత ఇంటికి కోడలొచ్చింది, పద్మిని. ఒకే వంటిల్లు, దాని దగ్గర ఎలా దాస్తుంది చెప్పు? దాచింది మహాతల్లి! పిండిలో వేడి నెయ్యి పోసే వేళకి, "పెరట్లో బట్టలు తీసుకురావే, వాన వచ్చేలా ఉంది" అని పంపేసేది. పిచ్చిపిల్ల, మండుటెండలో నిలబడి బట్టలు తీసేది.

ముగ్గురికీ బిస్కెట్లు ఎప్పుడూ కుదిరేవి కావు. మన చేతిలో ఆ గుణం లేదు అనుకుని ఊరుకున్నారు పాపం.

ఏళ్ళు గడిచాయి. సీతారత్నం పళ్ళన్నీ ఊడిపోయాయి. అప్పుడు ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, నోరూ పడిపోయాయి. అన్నం సహించలేదు. మంచంలో పడుకుని పడుకుని, తన బిస్కెట్టు ఒక్కటి తిని పోతే చాలనిపించింది. ఎడమ చేతి వేలితో దుప్పటి మీద డైమండ్ ముక్క గీసింది.

"అత్తయ్యకి బిస్కెట్లు కావాలట!" అని పద్మిని అందరికీ చెప్పింది. ముగ్గురూ ఎవరింట్లో వాళ్ళు పొయ్యి వెలిగించారు.

నూకాలు తెచ్చినవి వట్టి తీపే గానీ రుచి లేదు. భాస్కరమ్మ తెచ్చినవి పైన మాడాయి, లోపల పచ్చిపిండి. పద్మిని చేసినవి రాళ్ళు. ఆ పిల్ల ఒకటి పాలల్లో నానబెట్టి, వేళ్ళతో మెదిపి, అత్తగారి నోట్లో పెట్టింది.

"మీరు చెప్పినట్టే చేశానత్తయ్యా, పొల్లు పోకుండా."

సీతారత్నం నోరు తెరిచింది. నెయ్యి అనాలి. వేడి నెయ్యి అని ఒక్క ముక్క చెప్పాలి. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారిపోయాయి.

"చూశారా చిన్నత్తయ్యా, ఎంత సంతోషపడుతున్నారో!" అని భాస్కరమ్మతో అంటూ పద్మిని ఇంకో ముద్ద పెట్టింది.

ఆ వారంలోనే సీతారత్నం పోయింది. ఇప్పటికీ ఏటా ఆవిడ తద్దినం నాడు, ఇష్టంగా తినేదని పద్మిని ఆ రాళ్ళే చేసి గోడ మీద పెడుతుంది. ఒక్క కాకీ ముట్టదు.

దాచిన రుచి మట్టికి, చెప్పిన కథ కంచికి, కునుకేమో నీ కంటికి.