ఏనుగు పక్కన చదివిన శాసనం

కొండవాగు రాజు కొత్త శాసనం చదివించేటప్పుడు, జనానికి బాగా గుర్తుండాలని పక్కనే పట్టపుటేనుగును నిలబెట్టేవాడు. అదీ ఆయన తెలివి! మర్నాడు అప్పజెప్పలేనివాణ్ణి దాని కాళ్ళ కింద వేయించేవాడు.

ఆరోజు పాములాడించే సింగన్న వంతు వచ్చింది. ఒక్క ముక్కా గుర్తురాలేదు. ఏనుగు కాలెత్తింది.

"ప్రభూ, చచ్చేముందు చిన్న మనవి" అంటూ తన బుట్ట మూత తీశాడు. సింహాసనం ముందే నల్లతాచు పడగ విప్పి బుసకొట్టింది. సింగన్న తన మనవంతా గట్టిగా చెప్పుకుని, మూత పెట్టేశాడు.

"నేనేం మనవి చేశానో సెలవియ్యండి ప్రభూ."

రాజుకు ముచ్చెమటలు పట్టాయి. "పడగ తప్ప ఏమీ గుర్తులేదురా!"

"నాకూ నిన్న తొండం తప్ప ఏమీ గుర్తులేదు ప్రభూ. ఏనుగును దూరంగా కట్టేయించి, శాసనం మళ్ళీ చదివించమనే ఇప్పుడు వేడుకున్నాను."