తొయ్యనన్న తల్లి దుప్పి

ఉప్పుటేటి గట్టున మొగలివనం అనే అడవి ఉండేది. అందులో దుప్పులు, అడవిపందులు, కుందేళ్ళు, ముళ్ళపందులు బతికేవి. వాటికి రాజు ప్రచండుడు అనే పులి. పులి దుప్పిని తినదా అని మీరు అడుగుతారు. తింటుంది. ఆకలేసినప్పుడు ఒకరిని తినే రాజును ఆ అడవి ఎలాగో భరించింది. గొప్ప కోసం మందలకు మందలను మింగే రాజును మాత్రం భరించలేకపోయింది.

ఏటికి ఆవల, చాలా దూరాన, ఒక పెద్ద లంక ఉంది. అక్కడ అడవిదున్నలు తమ గడ్డి తాము మేసుకుంటూ ఉండేవి. అవి ఏనాడూ ఏరు దాటి రాలేదు. ఒకరోజు సుభాషి అనే నక్క, అతడే మంత్రి, రాజు చెవిలో "ప్రభూ! మీ పేరు చెబితే ఆ దున్నలు తోకైనా ఊపవట" అని ఊదాడు. అంతే, రాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే అడవంతా చాటింపు వేయించాడు.

"ఇవాళ మనం లంక మీదికి వెళ్ళకపోతే, రేపు దున్నలు మన వనం మీదికి వస్తాయి!"

మొగలివనంలో ఒక ఆచారం ఉంది. పిల్ల మొదటిసారి ఏట్లో దిగేటప్పుడు తల్లి వెనక నిలబడి మూతితో మెల్లగా తోయాలి. దాన్ని సాగనంపు అనేవారు. తల్లి తోయని పిల్లను ఏరు తిరిగి ఇవ్వదని వారి నమ్మకం. రాజుకు ఈ ఆచారం భలే కలిసొచ్చింది. రేవులో తల్లులు బారులు తీరి కన్నీళ్ళతో పిల్లలను తోస్తుంటే, నక్క గట్టెక్కి, "చూడండి! తల్లులే తమ బిడ్డలను యుద్ధానికి పంపుతున్నారు!" అని అరిచేవాడు.

గోరింట అనే దుప్పి కూడా పెద్దకొడుకు తొలకరిని అలాగే తోసింది. "క్షేమంగా వెళ్ళిరా నాయనా" అంది. తొలకరి వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

కొన్నాళ్ళకు లంక మీదుగా ఎగిరివచ్చిన ఒక కొంగ అసలు సంగతి చెప్పింది. "దున్నలు ఎవరి మీదికీ రాలేదమ్మా. దూడలను మధ్యలో పెట్టుకుని, చుట్టూ నిలబడి కొమ్ములు దించాయి. మనవాళ్ళే వెళ్ళి ఆ కొమ్ముల మీద పడ్డారు. నీ తొలకరి అక్కడే ఒరిగిపోయాడు."

గోరింట ఆ రోజు మేత ముట్టలేదు. తన మూతిని చూస్తే తనకే అసహ్యం వేసింది. ఆ మూతితోనే కదా తోసింది!

మరునాటి నుంచి ఆమె రేవులో నిలబడి, వచ్చినవారినల్లా ఒకటే అడిగేది. "ఆ దున్నలు మనకేం చేశాయి?"

ఈ ప్రశ్నతో వనం రెండుగా చీలింది. కొందరు తల ఊపారు. కొందరు ఆమెను చూసి మొహం తిప్పుకున్నారు. నక్క అయితే "అది దున్నల పక్షం! ఇంటి దొంగ!" అని ఊదరగొట్టాడు. అందరికంటే ఎక్కువ మండిపడింది పక్క పొదలో ఉండే కోరమ్మ అనే అడవిపంది. ఆమె కొడుకు కూడా లంకలోనే పోయాడు.

"అయితే నా కొడుకు ఊరికే చచ్చాడంటావా?" అని కోరమ్మ మీదమీదికి వచ్చింది. "వీరుడై పోయాడన్న ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాను. దాన్నీ లాక్కుంటావా?"

"నీ కొడుకు వీరుడే వదినా. కాదని ఎవరన్నారు?" అంది గోరింట. "వాణ్ణి పంపినవాళ్ళ సంగతే నేను అడుగుతున్నాను."

కోరమ్మ ఉమ్మేసి వెళ్ళిపోయింది. ఆపైన ఇద్దరూ ఒక రేవులో నీళ్ళు తాగలేదు.

ఇంతలో రాజుకు కొత్త దళం కావలసి వచ్చింది. ఈసారి చిన్నపిల్లల వంతు. గోరింట రెండో కొడుకు చెంగుకు ఇంకా కొమ్ములైనా సరిగా మొలవలేదు. వాడికీ పిలుపు వచ్చింది.

ఏరు తగ్గింది. పిల్లలు నీటి అంచున నిలబడ్డారు. తల్లులు వెనక నిలబడ్డారు. రాజు, రాణి, వారి కూన గట్టు మీద కూర్చున్నారు.

"తొయ్యండి!" అన్నాడు నక్క.

గోరింట కాళ్ళు ముడుచుకుని నేల మీద కూర్చుంది. "నేను తొయ్యను."

"ఏమన్నావు?" రాజు లేచాడు.

"తొయ్యను ప్రభూ. ఇన్నాళ్ళూ మా మూతులతోనే మా పిల్లలను నీళ్ళలోకి తోయించారు. మీ గోటికి తడి అంటలేదు. యుద్ధం అంత మంచిదైతే మీ కూనను కూడా రమ్మనండి. రాణిగారు తోస్తే నేనూ తోస్తాను."

అందరూ రాణి వైపు చూశారు. ఆమె కూనను నోట కరచుకుని గబగబా గడ్డిలోకి వెళ్ళిపోయింది.

రాజు పరువు గంగలో కలిసింది. ఒక్క దూకు దూకి గోరింట భుజం చీల్చాడు. నెత్తురు కారింది. చెంగు "అమ్మా!" అని అరిచాడు. గోరింట లేవలేదు.

"చంపితే చంపండి. చచ్చినదాని మూతి అసలే తొయ్యదు."

అప్పుడు కోరమ్మ కదిలింది. నేరుగా వచ్చి గోరింట పక్కన చతికిలబడింది. "నాకు రెండో కొడుకు లేడు," అంది రాజుతో. "ఉంటే నేనూ తోసేదాన్ని కాను. ముందు నా మీదుగా రండి." కోరలు రాజు వైపు తిప్పింది. ఆ మాటతో కుందేలు కూర్చుంది. ముళ్ళపంది కూర్చుంది. రేవంతా కూర్చుంది. పులి ఎందరినని చంపుతాడు?

"పిరికిపందల్లారా! నేనే వెళ్ళి గెలిచి వస్తాను! మంత్రీ, పద!" అని గర్జించాడు రాజు.

"ప్రభూ, నాకు పొద్దుటి నుంచీ కడుపునొప్పి..." అని నసిగాడు నక్క. రాజు అతణ్ణి మెడ పట్టుకుని ఏట్లోకి ఈడ్చుకుపోయాడు.

లంకలో దున్నలు ఎప్పటిలాగే కొమ్ములు దించాయి. నక్క అక్కడే పోయాడు. రాజు ఒక కాలు ఈడ్చుకుంటూ తిరిగి వచ్చాడు. రేవులో ఎవరూ లేచి నిలబడలేదు, ఎవరూ తల వంచలేదు. అతడు అందరి మధ్య నుంచీ కుంటుతూ నడిచి వెళ్ళాడు. ఆ తర్వాత మొగలివనంలో అతని చాటింపు ఎవరూ వినలేదు.

చెంగు తల్లి గాయం నాకుతూ, "ఇంకా నొప్పిగా ఉందా అమ్మా?" అన్నాడు.

"ఉంది నాయనా," అంది గోరింట. "మీ అన్న వంతు వచ్చినప్పుడే కూర్చోవలసింది."

నీతి: తన బిడ్డను పంపలేని యుద్ధానికి ఎదుటివారి బిడ్డను అడిగే హక్కు ఏ రాజుకూ లేదు.